కెల్డ్‌రిగ్, అంతకుముందు మెక్కీ

22 సెప్టెంబరు 1975, సోమవారం

దాణా కొట్టువాడు పోయిన క్రిస్మసుకి ఇచ్చిన డైరీ ఇది. తొమ్మిది నెలలు సొరుగులో పడి ఉంది. ఇవాళ తీశాను. నా భార్య ఆగ్నెస్ బతికి ఉంటే ఆమెతో చెప్పేవాణ్ణి, ఈ రాత బాధ ఉండేది కాదు. బడి నేను పదకొండో ఏటే మానేశాను. తప్పులుంటే ఉండనీ. చదివేది నేనే.

ఎస్టేటు మేనేజరు లోవాట్ వచ్చాడు. కొత్త మనిషి, ముప్పై ఐదేళ్లుంటాయేమో. బూట్లకు బురద అంటకుండా రాళ్ల మీద గెంతుకుంటూ వచ్చాడు. వంటింట్లో కూర్చుని టీ వద్దన్నాడు. అక్కడే తెలిసింది మంచి కబురు కాదని.

"కెల్డ్‌రిగ్ గారూ, మీ కౌలు కాగితం చాలా పాతది. నేను ఇలాంటిది ఎక్కడా చూడలేదు," అన్నాడు.

"నువ్వు చూడనివి చాలా ఉంటాయి," అన్నాను.

కాగితం తీసి చదివాడు. చదవనక్కర్లేదు, నాకు నోటికి వచ్చు. కెల్డ్‌రిగ్ ఇల్లూ, కెల్డ్‌రిగ్ గుట్టా, దాని మీది మందా, కెల్డ్‌రిగ్ అనే పేరుగల మనిషి ఆ ఇంట్లో పొయ్యి వెలిగించినంత కాలం ఆ పేరుకే ఉంటాయి. అంతే.

"మీ తరవాత ఎవరు?" అన్నాడు.

నాకు ఒక్కడే కొడుకు. రాబర్ట్ ఇటలీలో ఉన్నాడు. యుద్ధానికి పోయి ముప్పై రెండేళ్లుగా అక్కడే ఉన్నాడు, సమాధి రాయి కింద.

"నవంబరు పదకొండులోగా మీ తరవాతి మనిషి పేరు మా పుస్తకంలో ఎక్కాలి. ఎక్కకపోతే మీరున్నన్నాళ్లూ మీరుండొచ్చు, మిమ్మల్నెవరూ కదపరు. ఆ తరవాత గుట్టంతా పైన్ మొక్కలు వేస్తాం. మందను అమ్మేస్తాం."

మందను అమ్ముతాడట. ఆ గుట్టకు కంచె లేదురా అబ్బాయీ అని చెప్పాను. ఇక్కడి గొర్రెకు తన హద్దు తల్లి చూపిస్తుంది. ఆ తల్లికి దాని తల్లి చూపించింది. ఏ బండ దాటకూడదో, మంచు పడితే ఏ గోడ చాటుకి చేరాలో అన్నీ తల్లి దగ్గర నేర్చుకుంటాయి. ఆ మందను ఒక్కసారి అమ్మితే వెయ్యేళ్ల చదువు లారీ ఎక్కి పోతుంది. కొత్త గొర్రెల్ని తెచ్చి వదిలితే సాయంత్రానికి పక్క లోయలో ఉంటాయి.

"మీ బాధ నేను అర్థం చేసుకోగలను," అన్నాడు.

అర్థం చేసుకోలేదు. చేసుకున్నవాడు టీ తాగుతాడు.

23 సెప్టెంబరు

డాక్టరు దగ్గరికి వెళ్లాను. గుండె. అరవకూడదట, గుట్ట ఎక్కకూడదట. వచ్చే గొర్రెపిల్లల కాలం చూస్తానా అని అడిగాను. చూడొచ్చు అన్నాడు. ఆ మాట అన్న తీరు నాకు నచ్చలేదు.

ఎల్సీకి చెప్పలేదు. పనిమనిషికి ఇవన్నీ ఎందుకు.

25 సెప్టెంబరు

టీచరమ్మ దగ్గరికి వెళ్లాను. మిస్ ఆలన్‌బీ. రాబర్ట్‌కి చదువు చెప్పింది ఆవిడే. ఉద్యోగం అయిపోయాక చర్చి పెట్టెలోని పాత పుస్తకాలన్నీ చదువుతూ కూర్చుంటుంది. లోకంలో ఇంకెక్కడన్నా కెల్డ్‌రిగ్‌లు ఉన్నారేమో చూసిపెట్టమన్నాను.

"చాలా అరుదైన ఇంటిపేరండీ మీది. నేనైతే ఇంకెక్కడా వినలేదు," అంది.

ఎందుకు వింటుంది. మా పేరు గురించి యాభై ఏళ్లుగా పబ్బులో చెబుతున్నాను, మళ్లీ చెప్పాను. మావాళ్లు ఓడల్లో వచ్చిన నార్వే మనుషులు. వాళ్ల రాజు మా పెద్దకు ఈ గుట్ట చూపించి, నీళ్లూట ఉన్న ఈ గట్టు నీది, నువ్వే దాని పేరు పెట్టుకో అన్నాడు. కెల్డ్ అంటే ఊట, రిగ్ అంటే గట్టు. అప్పటి నుంచి తండ్రి తరవాత కొడుకు, తండ్రి తరవాత కొడుకు. వెయ్యేళ్లు. ఒక్క చుక్క బయటి రక్తం కలవలేదు.

"దానికి రుజువేమన్నా ఉందా?" అంది.

ఉంది. కాపర్ల పుస్తకం. ఈ లోయలో ప్రతి మందకూ ఏ గుర్తో అందులో బొమ్మలు వేసి ఉంటాయి. మాది కుడిచెవి కింద గాటు, ఎడమ పక్కన ఎర్ర గీత. మా ముత్తాత కంటే ముందు నాటి పుస్తకంలోనూ అదే గాటు. రెండు వందల ఏళ్లు ఒకే గాటు అంటే ఒకే రక్తం కాదా? నా చెవి చూపించాను. నా కుడిచెవి కింద కూడా గాటుంది, పుట్టుకతోనే.

టీచరమ్మ నా చెవి చూసి నవ్వు ఆపుకుంది. ఆపుకోనీ.

29 సెప్టెంబరు

గుట్ట మీది నుంచి మందను దించాం. అంటే ఎల్సీ దించి, లెక్క చూసి, మళ్లీ పైకి తోలింది. నేను కింద గోడ దగ్గర నిలబడి కేకలేశాను. కుక్క మాస్ కూడా నా కేక వినకుండా ఆమె ఈల వింటోంది. చెడిపోయింది.

ఎల్సీ బ్రన్‌స్కిల్ 1959లో గొర్రెపిల్లల కాలానికి ఆరు వారాల పనికని వచ్చింది. బారో రేవు నుంచి. సముద్రం దగ్గరి మనుషులకు గొర్రె అంటే ఏం తెలుసు. తల ఎటో తోక ఎటో నేనే చూపించాను. పదహారేళ్లయింది. ఇప్పుడు నలభై ఆరో, నలభై ఏడో. ఇప్పటికీ బయటి మనిషే.

"నీ మొహం బూడిదలా ఉంది పెద్దాయనా, డాక్టరేమన్నాడు?" అంది.

"నీ మొహం ఎప్పుడూ అలాగే ఉంటుంది, నేనడిగానా?" అన్నాను.

"అడగవు. నువ్వేదీ అడగవు. ఉడికిన బంగాళాదుంపలో ఉప్పు లేకపోయినా అడగవు, కుక్కకి పడేస్తావు."

నిజమే, ఆ దుంపల్లో ఉప్పు లేదు.

3 అక్టోబరు

టీచరమ్మ ఇంగ్లండులోని టెలిఫోను పుస్తకాలన్నీ వెతికించింది. ఒక్క కెల్డ్‌రిగ్ దొరికింది! హల్ పట్నంలో, మిస్ ఫిలిస్ కెల్డ్‌రిగ్. ఉత్తరం టీచరమ్మే రాసింది, నేను చెబుతుంటే. ఆవిడకు అన్నదమ్ముల పిల్లలెవరన్నా ఉంటే వెంటనే పంపమన్నాను. గొర్రెల పని నేను నేర్పుతాను, చెడ్డ అలవాట్లుంటే మాన్పిస్తాను అని కూడా రాయమన్నాను. ఆ మాట రాసిందో లేదో.

వస్తాడు ఎవడో ఒకడు. రక్తం ఊరుకోదు.

8 అక్టోబరు

హల్ నుంచి జవాబు. వృద్ధుల ఆశ్రమంలో నర్సు రాసింది. ఫిలిస్ కెల్డ్‌రిగ్ జూన్‌లో పోయింది. ఎనభై నాలుగేళ్లు, పెళ్లి కాలేదు, ఎవరూ లేరు. తన పేరువాళ్లు ఎక్కడన్నా ఉన్నారేమో వెతికిపెట్టమని నర్సుల్ని అడుగుతూ ఉండేదట. వాళ్లకు తీరిక దొరకలేదట.

9 అక్టోబరు

నేనొక్కణ్ణే.

11 అక్టోబరు

టీచరమ్మ కొండెక్కి వచ్చింది, సంచీలో ఒక నోటు పుస్తకంతో. బతికున్నవాళ్లలో దొరక్కపోతే చచ్చినవాళ్ల దగ్గర మొదలుపెట్టి కిందికి వద్దాం, ఏ కాలంలోనన్నా ఒక కొమ్మ విడిపోయి ఎక్కడో బతుకుతూ ఉండొచ్చు అంది. మంచి ఆలోచన అన్నాను. ఎల్సీ రొట్టె, వెన్న పెట్టింది. ఏం వెతుకుతున్నామో టీచరమ్మ ఆమెకు చెప్పేసింది. నవంబరు పదకొండు సంగతీ చెప్పేసింది. ఆడవాళ్ల నోట్లో మాట ఆగదు.

ఎల్సీ నా వైపు చూసి, "నాకెందుకు చెప్పలేదు?" అంది.

"నీ పేరు కెల్డ్‌రిగ్ అయితే చెప్పేవాణ్ణి."

గిన్నెలు గట్టిగా పెట్టింది.

మొట్టమొదటి కెల్డ్‌రిగ్ దొరికాడు. 1332లో పన్ను కట్టిన జాన్. ఊటగట్టు జాన్ అని రాసుందట. నార్వే రాజు సంగతి ఎక్కడా లేదంది. రాజులు ఇచ్చినవాటికి చీటీలుండవు అన్నాను.

ఆ తరవాత నెమ్మదిగా ఇంకో మాట చెప్పింది. 1598లో లోయలో ప్లేగు వచ్చింది. ఆగస్టు ఒక్క నెలలో ఏడుగురు కెల్డ్‌రిగ్‌లను పాతిపెట్టారు. తండ్రి, తల్లి, ఐదుగురు పిల్లలు. ఇంకెవరూ మిగల్లేదు. మరి 1600లో ఒక కెల్డ్‌రిగ్ బిడ్డకు బాప్తిస్మం ఎలా జరిగింది?

"ఒక పిల్లాడు తప్పించుకుని ఉంటాడు," అన్నాను.

"లేదండీ. ఆ పక్కన పాస్టరు చిన్న అక్షరాల్లో రాశాడు. 'క్రిస్టఫర్ కెల్డ్‌రిగ్, అంతకుముందు ఫెల్, ఆ ఇంటి జీతగాడు.'"

12 అక్టోబరు

ఆ పాస్టరు తాగి రాసుంటాడు.

14 అక్టోబరు

ఇంత చెడ్డ రోజు రాబర్ట్ పోయాడని తంతి వచ్చిన రోజు తరవాత లేదు.

టీచరమ్మ మళ్లీ వచ్చింది. కూర్చోమన్నా కూర్చోలేదు. 1741లో కూడా అంతే జరిగిందంది. టామస్ కెల్డ్‌రిగ్ బిడ్డల్లేకుండా పోయాడు. మంచులో చిక్కిన మందను బతికించిన పక్కింటి పనివాడు ఆ ఇంట్లో ఉండిపోయాడు. 'విలియం కెల్డ్‌రిగ్, అంతకుముందు రెయిన్.'

"అయితే నేను రెయినా?" అన్నాను.

"కాదు," అంది.

"అంటే?"

"1816. 'జేమ్స్ కెల్డ్‌రిగ్, అంతకుముందు మెక్కీ, పశువులు తోలేవాడు, స్కాట్లండు.' మీ ముత్తాతండీ. పశువులు తోలుకుపోతూ జ్వరమొచ్చి ఇక్కడ పడిపోయాడు. ఆ ఏడు ఇంటి ముసలావిడ ఒక్కతే మిగిలి ఉంది. లేచాక గొర్రెలు చూసుకున్నాడు. ఆవిడ పోయేదాకా చూసుకున్నాడు."

స్కాట్లండువాడు! నేను! పబ్బులో స్కాట్లండువాళ్ల మీద నేను చెప్పే జోకులు ఈ లోయలో ఎవడికి తెలియవు.

కాపర్ల పుస్తకం తీసి బల్ల మీద కొట్టాను. "మరి ఈ గాటేంటి? రెండు వందల ఏళ్లుగా ఇదే గాటు!"

"గాటు పొలానిది కదండీ, మనిషిది కాదు కదా. మీ పక్క పొలం హై బర్న్స్ మూడు చేతులు మారింది, గాటు మారిందా? మీరే చెప్పారు నాకు."

నేనే చెప్పాను. నిజమే. పుట్టిన దగ్గర్నుంచి తెలుసు నాకు. పొలం చేతులు మారినా మందా, గాటూ పొలంతోనే ఉంటాయి. ఆ పుస్తకాన్ని మాత్రం డెబ్బై ఏళ్లు మా తాతల ఫోటోలా చూసుకున్నాను.

అప్పుడు టీచరమ్మ చెయ్యి నా భుజం మీద వేసి, "మీరు బాధపడాల్సింది లేదు. ఇది మంచి కబురు. ఈ పేరు ఎప్పుడూ రక్తంలో నడవలేదు. మందను ఎవరు కాపాడితే వాళ్లకొచ్చింది. కౌలు కాగితంలో కూడా పేరనే ఉంది, రక్తం అని లేదు. ఇప్పుడు మీ ఇంట్లో ఆ పని ఎవరు చేస్తున్నారో..." అంది.

అర్థమైంది నాకు. నేనన్నాను, "పనిమనిషికి నా పేరు పెట్టమంటావా టీచరమ్మా? రేపు కుక్కకి కూడా పెడదామా?"

ఎల్సీ గుమ్మంలో ఉంది. చేతిలో పాల క్యాను.

క్యాను కింద పెట్టింది. ఒక్క చుక్క ఒలకలేదు. పైకెళ్లింది. పావుగంటలో సంచీతో దిగింది.

"ఎక్కడికి?" అన్నాను.

"హై బర్న్స్‌లో మనిషి కావాలంటున్నారు. వాళ్లు దుంపల్లో ఉప్పేసుకుంటారు."

మాస్ ఆమె వెంట గేటు దాకా వెళ్లి ఆగింది. నా వైపు చూసింది, ఆమె వైపు చూసింది. ఎల్సీయే దాన్ని వెనక్కి పంపింది. "పో. మంద దగ్గరికి పో," అంది. మంద దగ్గరికి అంది, నా దగ్గరికి అనలేదు.

టీచరమ్మను కూడా పొమ్మన్నాను.

15 అక్టోబరు

మందను చూసుకున్నాను. ఎవరి అవసరమూ లేదు.

16 అక్టోబరు

ఎవరి అవసరమూ లేదు.

20 అక్టోబరు

గుట్ట ఎక్కాను. రెండో గోడ దాటాక ఊపిరి అందలేదు. పడ్డాను. ఎంతసేపో తెలియదు. వాన మొహం మీద పడుతోంది. మాస్ నా కాలు మీద పడుకుంది. ఉత్తర హద్దు దగ్గర ఒక గొర్రె నిలబడి నన్నే చూస్తోంది, దాని వెనక దాని పిల్ల. నేను అటు వెళ్లి వాటిని వెనక్కి మళ్లించాలి. అక్టోబరులో ఎవరో ఒకరు ఆ హద్దు మీద తిరగకపోతే పిల్లగొర్రెలు దాటేస్తాయి. లేవలేకపోయాను. అవి దాటాయి. తల్లి నడిచింది, పిల్ల దాని వెనకే నడిచింది. నేర్పేసింది. నా కళ్ల ముందే తప్పు దారి నేర్పేసింది.

చేతుల మీద పాకుతూ గోడ దాకా వచ్చాను. ఇది ఎవరికీ చెప్పను.

21 అక్టోబరు

పొయ్యి ఆరిపోయింది. కట్టెలు తేవడానికి లేవలేదు. కెల్డ్‌రిగ్ పేరుగల మనిషి ఆ ఇంట్లో పొయ్యి వెలిగించినంత కాలం. నవ్వొచ్చింది. తరవాత నవ్వు రాలేదు.

ఏడుగురిని ఒక్క నెలలో పాతిపెట్టారంట. చివరి మనిషిని ఎవరు పాతిపెట్టారు? ఆ క్రిస్టఫర్ ఫెల్ ఒక్కడే అయ్యుంటాడు. జీతగాడు. పారిపోవాల్సినవాడు. ఎందుకు పోలేదు?

24 అక్టోబరు

రొట్టె అయిపోయి ఊళ్లోకి దిగాను. కొట్టావిడ మిసెస్ టాల్బట్ నా వంక జాలిగా చూసింది. నాకు జాలి పడదు. అగ్గిపెట్టె, రొట్టె, టీపొడి అన్నాను.

"కెల్డ్‌రిగ్ ఎల్సీ పొద్దున్నే వచ్చి వెళ్లింది. మీకు పొగాకు అయిపోయి ఉంటుందని చెప్పి పక్కన తీసి పెట్టమంది," అంది.

"ఏమన్నావ్?"

"పొగాకండీ."

"కాదు, ఎవరన్నావ్?"

మిసెస్ టాల్బట్‌కి అర్థం కాలేదు. ఈ లోయలో మనిషిని ఇంటిపేరుతో పిలవరు, పొలం పేరుతో పిలుస్తారు. నాకు తెలియదా. హై బర్న్స్ టామ్ అసలు పేరు ఏదో నాకిప్పటికీ తెలియదు. ఆమెను కెల్డ్‌రిగ్ ఎల్సీ అంటారని కూడా తెలుసు. పదహారేళ్లుగా విన్నాను. విన్నప్పుడల్లా ఒళ్లు మండింది.

ఆ జేమ్స్ మెక్కీని కూడా ఎవరో కొట్టావిడ ఇలాగే పిలిచి ఉంటుంది. ఒకరోజు పాస్టరు కూడా అలాగే రాసి ఉంటాడు. ఎవరూ ఎవరికీ ఏదీ ఇవ్వలేదు. పిలిచారు, అంతే.

పొగాకు తీసుకున్నాను.

28 అక్టోబరు

హై బర్న్స్ వెళ్లాను. ఇంకా రెండు వారాలే. గుండె మాట వినకుండా నడిచాను. ఎల్సీ దొడ్లో పొట్టేళ్ల గిట్టలు చెక్కుతోంది. తల ఎత్తలేదు.

ఏం మాట్లాడాలో దారంతా అనుకుంటూ వచ్చాను. తీరా నోరు తెరిస్తే ఇది వచ్చింది: "నా పేరు నీకు ఇస్తాను. కాగితం మీద సంతకం పెడితే చాలు. పొలం నీకే ఉంటుంది."

చెక్కే కత్తి ఆపింది. "ఇస్తావా?"

"ఇస్తాను."

"అంటే నాకు లేదనుకున్నావా పేరు?" లేచి నిలబడింది. "మా నాన్న బారో రేవులో ఓడల రేకులకు మేకులు కొట్టి కొట్టి నలభయ్యేళ్లకే చెవులు పోగొట్టుకున్నాడు. నేను పక్కన నిలబడి అరిచినా వినపడేది కాదు ఆయనకి. ఆయన నాకు ఇచ్చింది ఆ పేరొక్కటే. బ్రన్‌స్కిల్. నీదే పేరు, మాది కాదా? కుక్కకి పెట్టే పేరు నాకెందుకు పెద్దాయనా?"

క్షమించు అనాలి. ఆ మాట నాకు రాదు. ఆగ్నెస్‌కి కూడా ఎప్పుడూ చెప్పలేదు. నేను, "పొట్టేళ్లని నవంబరులో మందలోకి వదలాలి, నేనొక్కణ్ణీ చెయ్యలేను," అన్నాను.

"తెలుసు," అంది. "ఉత్తర హద్దు మీద మనిషి లేడని కూడా తెలుసు. ఇక్కడి నుంచి కనిపిస్తుంది."

మళ్లీ వంగి గిట్ట పట్టుకుంది. నేను వచ్చేశాను.

29 అక్టోబరు

రాలేదు.

31 అక్టోబరు

రాలేదు.

2 నవంబరు, ఆదివారం

ఎవరూ చదవరు కాబట్టి రాస్తున్నాను. చెవి గాటు పుట్టుకతో వచ్చింది కాదు. ఏడేళ్లప్పుడు మా నాన్న కుక్క కరిచింది. దాని గిన్నెలోంచి ఎముక లాక్కున్నాను. అమ్మ కుట్టుసూదితో కుట్టింది, సరిగా అతకలేదు. మా నాన్న చూసి, ఇప్పుడు నువ్వు పక్కా కెల్డ్‌రిగ్‌వి అన్నాడు. ఆ మాట అంత బాగుంది నాకు, కుక్క సంగతి మరిచిపోయాను.

4 నవంబరు

లోవాట్ ఉత్తరం. పదకొండున వస్తాడట. పైన్ మొక్కలు ఎక్కడ మొదలుపెట్టాలో చూడటానికి ఇంకొకణ్ణి కూడా వెంట తెస్తాడట.

8 నవంబరు, శనివారం

తప్పిపోయిన గొర్రెల రోజు. ఏటా ఈ రోజున లోయలోని కాపర్లందరూ తమ మందలో కలిసిన పరాయి గొర్రెల్ని పబ్బు వెనక దొడ్డికి తోలుకొస్తారు. గుర్తు చదివి ఎవరివి వాళ్లకిస్తారు. మూడుసార్లు పిలిచినా ఎవరూ నాదనకపోతే ఆ గొర్రె కాపర్ల సంఘానికి పోతుంది.

ప్రతి ఏడూ మాకు ఒకటో రెండో ఉండేవి. ఈ ఏడు పంతొమ్మిది. ఎడమ పక్కన ఎర్ర గీతలతో దొడ్డి సగం నిండిపోయింది. అందరూ నా వంక చూడకుండా ఉండటానికి చాలా శ్రమపడ్డారు. అది చూడటం కంటే ఘోరం.

పబ్బులో ముసలివాళ్ల బెంచీ ఉంది, దాని మీద కూర్చోను. నిలబడలేకపోయాను. దొడ్డి లోపల గోడ పక్కన గడ్డి మోపు ఉంటే దాని మీద కూర్చున్నాను, నా గొర్రెల మధ్య.

గుర్తులు చదివేది సంఘం పెద్ద నాథన్ గిల్‌ప్యాట్రిక్. హై బర్న్స్ తరఫున వచ్చిన ఎల్సీ అవతలి పక్క నిలబడి ఉంది. నాథన్ ఒక్కో గొర్రె చెవి పట్టుకోగానే, ఆయన నోరు తెరవకముందే ఆమె, "కెల్డ్‌రిగ్‌ది," అంటోంది. "అదీ కెల్డ్‌రిగ్‌దే. దాని తల్లిది కూడా." ఎవరూ అడగలేదు ఆమెను. ఉత్తర హద్దు దాటిన తల్లీ పిల్లా కూడా వచ్చాయి.

అన్నీ అయిపోయాక నాథన్ నన్ను చూశాడు. అప్పటికే రెండు గ్లాసులు పడ్డాయి ఆయనకి.

"ఇదెవరిదిరా? ముసలి పొట్టేలు! ఊపిరి సరిగా లేదు, పళ్లు కూడా అనుమానమే."

అందరూ నవ్వారు. కంచె మీద కూర్చున్న హై బర్న్స్ టామ్, "స్కాట్లండుది! సరిహద్దు దాటించండి!" అన్నాడు. ఇంకా నవ్వారు. అంటే లోయంతా తెలిసిపోయింది. టీచరమ్మ చెప్పి ఉండదు. మిసెస్ టాల్బట్ ఎలాగో వాసన పట్టి చెప్పి ఉంటుంది.

ఇంతకు ముందైతే కర్ర తీసేవాణ్ణి. ఇవాళ చెయ్యి లేవలేదు. నోరు లేచింది.

"అవును," అన్నాను. "మా ముత్తాత మెక్కీ. పరాయి పశువులు తోలుకుంటూ వచ్చి కెల్డ్‌రిగ్ వాకిట్లో జ్వరంతో పడ్డాడు. నార్వే రాజూ లేడు, ఓడలూ లేవు. యాభై ఏళ్లు మీకు అబద్ధం చెప్పాను. మీరు బీరు పోయించారు. ఈ చెవి కుక్క కరిచింది. ఆయన మంద చూశాడు కాబట్టి కెల్డ్‌రిగ్ అయ్యాడు. ఆయన ముందు రెయిన్, రెయిన్ ముందు ఫెల్. ఫెల్ జీతగాడు. ఏడుగురిని పాతిపెట్టి కూడా పారిపోలేదు. వీళ్లంతా పనివాళ్లే. ఈ పదహారేళ్లు మంద చూసింది నేను కాదు. చూసినావిణ్ణి నేను కుక్కతో పోల్చాను. ఆమె తండ్రి పేరు నా పేరు కంటే పాతదో కొత్తదో నాకు తెలియదు, నేను అడగలేదు. నేనేదీ అడగను. అదీ నా సంగతి. ఇక నవ్వుకోండి."

ఎవరూ నవ్వలేదు. ఒక గొర్రె అరిచింది. నాకు ఊపిరి అందడం లేదు, తల వంచుకున్నాను.

ఏం చెయ్యాలో తెలియక నాథన్ తన పని తాను చేశాడు పాపం. "మొదటిసారి," అన్నాడు నెమ్మదిగా. "ఎవరిదైనా ఉంటే చెప్పండి."

"రెండోసారి."

గేటు చప్పుడైంది. బూట్లు నా ముందు ఆగాయి. నా కుడిచెవి ఎవరో పట్టుకుని, గొర్రె చెవి తిప్పినట్టే తిప్పి చూశారు. నొప్పి పుట్టింది.

"కుడిచెవి కింద గాటు," అంది ఎల్సీ. "ఇది మాదే."

నాథన్ టోపీ తీశాడు. పుస్తకంలో రాయాలి కదా, అడగాల్సిందే. "ఏ పొలం తరఫున?"

"కెల్డ్‌రిగ్."

"ఎవరని రాయమంటావ్?"

ఎల్సీ నా చెవి ఇంకా వదల్లేదు. "మా పాస్టర్లు ఎలా రాశారో అలాగే రాయి. నా ముందు పేరూ రాయాలి. అది లేకుండా రాస్తే ఈయన్ని ఇక్కడే వదిలేసి పోతాను," అంది.

11 నవంబరు, మంగళవారం

లోవాట్ వచ్చాడు, మొక్కలవాణ్ణి కూడా తెచ్చాడు. టీచరమ్మ చర్చి పుస్తకంలోని మూడు పేజీలూ నకలు తీసి బల్ల మీద వరసగా పెట్టింది. మూడుసార్లూ ఎస్టేటువాళ్లు ఒప్పుకుని కౌలు తీసుకున్నారని చూపించింది. లోవాట్ కాగితాన్ని రెండుసార్లు చదివాడు, కిటికీ దగ్గరికి తీసుకెళ్లి మళ్లీ చదివాడు.

"పేరనే ఉంది," అన్నాడు చివరికి. "రక్తం అని లేదు."

"నాలుగు వందల ఏళ్లుగా లేదు," అంది టీచరమ్మ.

పేరు మార్పు కాగితం మీద ఎల్సీ సంతకం పెట్టింది. సాక్షిగా టీచరమ్మ పెట్టింది. ఎస్టేటు పుస్తకంలో లోవాట్ తన చేత్తోనే రాశాడు. నేను చదివించుకున్నాను. 'ఎల్సీ కెల్డ్‌రిగ్, అంతకుముందు బ్రన్‌స్కిల్, బారో.'

లోవాట్ ఈసారి టీ తాగాడు. మొక్కలవాడు కూడా తాగాడు.

వాళ్లు వెళ్లాక టీచరమ్మను ఆపి ఒక పని చెప్పాను. నన్ను పాతిపెట్టిన రోజున చర్చి పుస్తకంలో నా పేరు పక్కన కూడా రాయమను. జాబెజ్ కెల్డ్‌రిగ్, అంతకుముందు మెక్కీ. చిన్న అక్షరాల్లో. మరీ చిన్నవి వద్దు.

12 నవంబరు

పొట్టేళ్లను మందలోకి వదిలారు. నేను గేటు తీసి పట్టుకున్నాను, అంతే చెయ్యగలిగాను. గొర్రెపిల్లలు పుట్టేది ఏప్రిల్‌లో. డాక్టరు ముఖం గుర్తుంది నాకు.

ఎల్సీ ఉత్తర హద్దు మీద మధ్యాహ్నం దాకా తిరిగింది. తప్పు దారి నేర్చిన ఆ తల్లినీ పిల్లనూ మూడుసార్లు వెనక్కి మళ్లించింది. నాలుగోసారి బండ దగ్గర తల్లి తనంతట తానే ఆగిందట.

"పిల్ల?" అన్నాను.

"దాని వెనకే ఆగింది."

దుంపలు ఉడికించి పెట్టింది. ఉప్పు లేదు. తిన్నాను. తరవాత అడిగాను, "కాస్త ఉప్పిస్తావా?"

ఇచ్చింది.